కింది అరలోని మాంత్రికులు

మా ఇంట్లో పుస్తకాల బీరువాకి నాలుగు అరలు. పై మూడింటిలో ఉన్నవి చరిత్రలు, ఆత్మకథలు, విమర్శ, కవిత్వం. ఎవరైనా ఇంటికొస్తే ముందు కంటికి ఆనేవి అవే. అన్నిటికన్నా కింద, నేలమీద మఠం వేసుకుని కూర్చుంటే తప్ప అందని అరలో మాంత్రికులు, రాక్షసులు, గంధర్వులు, మాట్లాడే మట్టిమనుషులు ఉంటారు. వేసవి సెలవుల్లో బీరువా దులిపేటప్పుడల్లా ఒక సంగతి నన్ను పట్టుకుని వదలదు. పై అరల్లో పుస్తకాలు కొన్ననాటి నిగనిగతోనే ఉన్నాయి. కింది అరలోవి మాత్రం వీపులు ఊడి, దారాలు బయటపడి, మైదా జిగురు పట్టీలతో నెట్టుకొస్తున్నాయి. బడి నుంచి అలిసి వచ్చిన సాయంత్రం, కాళ్ళు కడుక్కుని టీ తాగి, ఏదైనా చదువుదామని బీరువా ముందు నిలబడితే నా చెయ్యి తిన్నగా కిందికే పోతుంది. యాభై దాటినవాణ్ణి. పిల్లలకు తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. లోకంలో ఇంత బాధ ఉంది, దాన్ని ఇంతమంది గుండె కోసుకుని రాశారు, అది వదిలేసి ఈ భల్లూకాలతో, భూతాలతో నాకేం పని? నవ్వించే మాయల కథ, చివరికి మనసు తేలికపడే కథ, వీటి దగ్గరికే ఎందుకు వెళ్తున్నాను? బతుకు నుంచి పారిపోవడమేనా ఇది?

ఈ ప్రశ్నకు పదును పెట్టింది ఒక కుర్రాడు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు, మా ఊరి గురించి రాయాలని వచ్చాడు. మంచి పిల్లాడు, మంచినీళ్ళు తాగి కుదురుగా కూర్చుని, "మాస్టారూ, స్టూవర్టుపురం మీద వచ్చిన నవలలు మీ దగ్గర ఏవైనా ఉన్నాయా అండీ?" అని అడిగాడు. లేవన్నాను. అతను ఆశ్చర్యపోయాడు. బీరువా అంతా చూసి, వంగి కింది అర కూడా చూసి, 'పాతాళదుర్గం' ఒకటి చేతిలోకి తీసుకుని, ఇక ఏమడగాలో తెలియనట్టు నవ్వాడు. అతను వెళ్ళాక కూడా ఆ నవ్వు ఇంట్లోనే ఉండిపోయింది. నిజమే కదా, నా ఊరి కథలు నా ఇంట్లో లేవు. ఏనాడూ ఉనికిలో లేని దుర్గాలకూ లోయలకూ మాత్రం ఒక అర మొత్తం ఇచ్చాను.

మాది స్టూవర్టుపురం. రైల్లో బాపట్ల దాటి చీరాల వైపు వస్తుంటే మొదట వచ్చే స్టేషను. ఈ పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో ఏం కదులుతుందో ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు, దాన్ని మళ్ళీ వర్ణించను. 1991లో ఒకే ఏడాది మా ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్'కు యండమూరి వీరేంద్రనాథ్ దర్శకుడు, చిరంజీవి కథానాయకుడు. రెండోదాని పేరే 'స్టూవర్టుపురం దొంగలు'. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వస్తున్నప్పుడు ఊరినీ మా ఎరుకల వాళ్ళనూ కించపరుస్తున్నారంటూ విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. మా గురించి చెప్పిన కథలన్నిటిలో రాత్రి ఉంటుంది, కత్తి ఉంటుంది, పరుగు ఉంటుంది. మా ఊళ్ళో ఒక మనిషి పొద్దున్నే లేచి వేపపుల్ల నములుతూ ఏదో గుర్తొచ్చి తనలో తాను నవ్వుకున్నాడని రాసిన కథ ఒక్కటీ నేను చూడలేదు. మరి అలాంటి కథల్ని తెచ్చి బీరువాలో ఎందుకు పెట్టుకుంటాను?

అసలు కథ వేరు. మా పెద్దలు ఎద్దుల మీదా గాడిదల మీదా ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్ళు. బుట్టలల్లారు, సోది చెప్పారు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం చితికిపోయింది. ఒకచోట నిలవని మనుషులంటే తెల్లదొరల సర్కారుకు మొదటి నుంచీ అనుమానమే. 1871లో ఉత్తరాదిన మొదలుపెట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి రాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఆ చట్టానికి నువ్వేం చేశావన్నది అక్కర్లేదు, ఏ ఇంట్లో పుట్టావన్నదే కావాలి. 1913 ప్రాంతంలో మా ఊరి నేలలో సెటిల్మెంటు పెట్టి, మనుషుల్ని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. అదే 1913 మే నెలలో మా పక్కనే బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్ళకో రాష్ట్రం కావాలని అక్కడ పెద్దలు మాట్లాడుకుంటున్న కాలంలోనే, ఇక్కడ కొంతమంది తెలుగువాళ్ళు ఊరు దాటాలంటే చేతిలో చీటీ ఉండాలన్న రోజులొచ్చాయి. ఈ రెండు సంగతుల్నీ ఒకే పుటలో రాసిన పాఠ్యపుస్తకం నా సర్వీసులో నాకు తగల్లేదు.

మా తాత ఆ రోజుల్లో పిల్లాడు. సాయంత్రం హాజరు పిలిచేవాళ్ళట. పేరు పిలిస్తే ఉన్నానని చెప్పాలి. ఇవాళ ఉన్నానని చెప్పినవాడు రేపూ చెప్పాలి, ఎల్లుండీ చెప్పాలి. తాత ఇది చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు, విసుగు ఉండేది. చిన్నప్పుడు నాకది అర్థం కాలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఆ విసుగులోనే అన్నిటికన్నా పెద్ద దుఃఖం ఉందేమోనని. ఆయనకు రేపు అంటే మళ్ళీ ఇవాళే.

నాకు రేపు అంటే వేరుగా ఉంటుందని మొదట చెప్పింది చందమామ. మా నాన్న రైల్వేలో గ్యాంగులో పనిచేసేవాడు. చదువు తక్కువ, కాగితం మీద మమకారం ఎక్కువ. జీతం వచ్చిన వారంలో బాపట్ల స్టేషన్లో పుస్తకాల స్టాలు దగ్గర చందమామ కొనుక్కొచ్చేవాడు. ఆ డబ్బు లేని నెల, తెనాలిలో పాత పుస్తకాలమ్మే చోట ఎవరో బైండు చేయించి తర్వాత వదిలించుకున్న సంపుటాల్లోంచి బేరమాడి ఒకటి తెచ్చేవాడు. పత్రిక 1947 జూలైలో మద్రాసులో పుట్టింది గానీ దాని బుద్ధి తెనాలిది. నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని నిలబెట్టిన చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాని వాక్యాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. ఇక ఆ ధారావాహికలు, 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'భల్లూక మాంత్రికుడు' రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు కూడా ఆ పక్కనున్న పెదగాదెలవర్రు వారే. ఏళ్ళ తరబడి ఆ రచనల మీద ఆయన పేరే ఉండేది కాదు. చిత్రా వేసిన బొమ్మలు మాత్రం మాకు కంఠతా వచ్చు. మా నాన్న చదవలేడు కాబట్టి బొమ్మలు చూసి కథ ఊహించేవాడు, నేను చదివి అది కాదని చెప్పేవాణ్ణి, చాలాసార్లు నాన్న ఊహే బాగుండేది.

దాసరి గారి లోకంలో నాకు నచ్చింది మాయలు కాదనుకుంటాను. మాయ ఎక్కడైనా ఉంటుంది. ఆ మాయ దగ్గర మనుషులు ఎలా ఉంటారన్నదే నా కంటికి ఆనింది. మహాబలవంతుడనుకున్న మాంత్రికుడు గొప్పలు చెప్పుకుంటూనే చిక్కులో పడతాడు. రాక్షసుడికి ఆకలి, అలక, చాడీలు. భయం పుట్టించాల్సిన చోటే నవ్వు పుడుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఇది చిన్న సంగతి కాదు. ఖాకీ చొక్కా కనిపిస్తే ఇంటి ఆడవాళ్ళ మాటలు ఆగిపోవడం చూసిన పిల్లవాడు నేను. అధికారం ఉన్నవాడు కూడా లోపల బిక్కుబిక్కుమంటుంటాడని, వాడి మంత్రదండం పోతే వాడూ మనలాంటివాడేనని ఎవరు చెప్తారు నాకు? తర్వాత ఆ నెల భాగం సరిగ్గా గండం దగ్గర ఆగిపోయేది. ఇక నెలంతా నేనూ మా అన్నా ఆ వీరుణ్ణి ఎలా గట్టెక్కించాలా అని ఆలోచించేవాళ్ళం. తాతకు సాయంత్రం హాజరు ఇచ్చిన రేపు ఒకటి, మాకు చందమామ ఇచ్చిన రేపు మరొకటి. మా దాంట్లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం అంత సంతోషంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పెద్దయ్యాక మళ్ళీ చదివినప్పుడు ఒక ముల్లు కూడా తగిలింది, దాచను. ఆ కథల్లో అడవిలో ఉండే జాతులు వస్తుంటాయి, ఒళ్ళంతా ఈకలు, చేతిలో బల్లెం, అరుపులు. వాళ్ళను చూసి నవ్వమని కథ అడుగుతుంది. తెనాలి రామకృష్ణుడి కథా అంతే. పెరట్లో దాక్కున్న దొంగలకు వినిపించేలా నగలన్నీ బావిలో పడేశానని చెప్పి, రాత్రంతా వాళ్ళ చేత నీళ్ళు తోడించి మొక్కలకు పారించుకుంటాడు. బడిలో ఆ పాఠం చెప్పిన రోజున క్లాసంతా విరగబడి నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూ చుట్టూ చూశాను. ఎవరో ఒకరు నా వైపు చూస్తున్నారేమోనని. నవ్వుకు ఎప్పుడూ ఒక దిక్కుంటుంది. పై నుంచి కిందికి పడుతోందా, కింద నుంచి పైకి లేస్తోందా అన్నది ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి చటుక్కున తెలుస్తుంది. అయినా నేనా కథను వదల్లేదు. రాత్రంతా నీళ్ళు తోడిన ఆ మనుషులు తెల్లారి ఇంటికెళ్ళి పెళ్ళాలకు ఏం చెప్పి ఉంటారా అని ఊహించుకుంటూ నా కథ నేను నడుపుకున్నాను.

అసలు నాకు ఇలాంటి కథల రుచి చందమామ కంటే ముందే మా నాయనమ్మ దగ్గర అబ్బిందేమో. ఆమె సోది చెప్పేది. చంకన బుట్ట, చేతిలో కర్ర, నుదుటన రూపాయి కాసంత బొట్టు. రేపల్లె వైపు పల్లెల దాకా వెళ్ళి రెండు మూడు రోజులకు తిరిగొచ్చేది. చెయ్యి పట్టుకుని, కొండ దేవతల్ని తలుచుకుని, వచ్చిన ఇల్లాలి మనసులో ఏముందో ఆమె నోటితోనే చెప్పించి, దాన్నే కొత్తదిగా ఆమెకు తిరిగి చెప్పేది. మధ్యలో నవ్వించేది. అత్తగారి మీద ఒక మాట, మొగుడి మీద ఒక మాట, దిగులుతో కూర్చున్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాకా వదిలేది కాదు. చివరికి మంచే చెప్పేది. ఒకసారి అడిగాను, "అందరికీ మంచే జరుగుద్దా నాయనమ్మా?" అని. "జరగదు. తెలుసులేరా. కానీ రేపు పొద్దున్నే ఆమె లేచి పొయ్యి ముట్టించుకోవాలి గదరా" అంది. నమ్మకం కలిగించే పుస్తకాల మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత స్పష్టమైన మాట లేదు. కష్టం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. కష్టాన్ని పేరుపెట్టి పిలిచాకే ముందుకు వెళ్ళేది.

వేంకటాచల మాహాత్మ్యంలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్ళి, ధరణీదేవికి సోది చెప్పి, పద్మావతిని తనకిమ్మని తన గురించి తానే చెప్పుకుంటాడు. ఊహించండి, ఏడుకొండలవాడు చంకన బుట్ట పెట్టుకుని, మా నాయనమ్మ కట్టినట్టు చీర కట్టుకుని, రాజుగారి వాకిట్లో నిలబడ్డాడు. మన పాత హాస్యకల్పనల్లో ఇంతకన్నా అందమైనది నాకు తెలియదు. పెళ్ళి కుదరాలంటే దేవుడికి మా వేషమే అక్కరకొచ్చింది. దీన్ని హరికథగా విన్నప్పుడు నాయనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వేది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే సర్కారు ఆమె మామగారి పేరును ఒక పుస్తకంలోకి ఎక్కించి వేలిముద్ర వేయించుకుంది. ఆ పుస్తకమూ కల్పనే, పుట్టుకతోనే ఎవరు నేరస్థులో చెప్పే కల్పన. కాకపోతే దానిలో నవ్వు లేదు, రేపు లేదు.

ఇంగ్లీషులో టెర్రీ ప్రాచెట్ నాకు ఆలస్యంగా దొరికాడు. విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళినప్పుడు పాత పుస్తకాల గుట్టలో ఒకటి కనిపించింది, అట్ట మీద తాబేలు, దాని మీద ఏనుగులు. మన ఆదికూర్మం సీమకెలా వెళ్ళిందా అని కొన్నాను. బల్లపరుపు లోకం, దాన్ని మోసే నాలుగు ఏనుగులు, వాటిని మోస్తూ శూన్యంలో ఈదుకుంటూ పోయే తాబేలు. మనకు దిక్కుకో దిగ్గజం చొప్పున ఎనిమిది, ఆయన నాలుగుతో సరిపెట్టాడు. 1983 నుంచి, 2015లో తాను పోయిన తర్వాత వచ్చిన చివరిదాకా, ఆ లోకం మీద 41 నవలలు. నా ఇంగ్లీషుకు అవి అంత తేలిక కాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పుట రెండేసి సార్లు చదువుతూ, రాత్రి పదకొండింటికి ఒక్కణ్ణే పగలబడి నవ్వితే మా ఆవిడ లోపల్నుంచి "ఏమైందండీ" అనడం మా ఇంట్లో మామూలు.

ఆ లోకంలో పెద్ద నగరం పేరు ఆంక్-మోర్‌పోర్క్. అక్కడ దొంగలకు సంఘం ఉంది, చట్టబద్ధమైన సంఘం. ఏడాదికి ఇంత దొంగతనమని లెక్క కట్టి ఉంటుంది. దోచుకున్నాక సొత్తుదారుకు రసీదు ఇస్తారు. సంఘంలో లేకుండా దొంగతనం చేస్తే సంఘమే పట్టుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు కడుపుబ్బ నవ్వాను. నవ్వు ఆగాక ఆ పుట మీదే చాలాసేపు ఉండిపోయాను. ఆ ఊళ్ళో నిజంగా దొంగతనం చేసేవాడు కాగితం చేతబట్టుకుని దర్జాగా తిరుగుతాడు. మా ఊళ్ళో ఏ తప్పూ చేయని మా తాత కాగితం లేకుండా పక్క ఊరి సంతకు పోలేకపోయాడు. ఈ రెంటిలో ఏది కల్పన, ఏది చరిత్ర అని తెలియనివాళ్ళనడిగితే ఏమంటారు? ప్రాచెట్‌కు మా ఊరు తెలిసి ఉంటుందని నేననుకోను. కానీ కాగితాలు మనుషుల్ని ఏం చేస్తాయో ఆయనకు బాగా తెలుసు. 1996లో వచ్చిన 'ఫీట్ ఆఫ్ క్లే'లో గోలెంలుంటారు, కాల్చిన మట్టితో చేసిన మనుషులు. తలలో ఒక కాగితం ఉంటుంది, దాని మీద రాసింది వాళ్ళు చెయ్యాల్సిందే. డార్ఫ్ల్ అనే గోలెంను క్యారట్ అనే యువకుడైన పోలీసు డబ్బిచ్చి కొంటాడు. కొని, ఆ కొన్న రసీదునే తీసుకెళ్ళి దాని తలలో పెడతాడు. దానికదే సొంతం. ఆ ఘట్టం నేను స్టూవర్టుపురం స్టేషన్లో సిమెంటు బెంచీ మీద కూర్చుని చదివాను. రావాల్సిన బండి వచ్చి వెళ్ళిపోయింది, నేను లేవలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆ నేరస్థ జాతుల చట్టం పోయింది 1947లో, దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయిన రోజున మా వాళ్ళ తలల్లో ఏ కాగితమూ ఎవరూ పెట్టలేదు. పాతది తీసేశారు, అంతే. ఎదుటివాళ్ళ తలల్లో ఉన్నదాన్ని మాత్రం తీయలేదు.

ప్రాచెట్‌దే 'గోయింగ్ పోస్టల్'లో ఉరికంబం దాకా వెళ్ళిన మోసగాడికి పాడుబడ్డ పోస్టాఫీసు అప్పగిస్తారు. ఎన్నో ఏళ్ళుగా బట్వాడా కాని ఉత్తరాలు గదుల నిండా గుట్టలు పడి ఉంటాయి. అతను మంచివాడైపోయాడని రచయిత ఎక్కడా ప్రకటించడు. తన పాత తెలివితేటల్నే, ఆ మాటకారితనాన్నే, ఉత్తరాలు చేర్చడానికి వాడతాడు. సంస్కరణ అంటే పాత మనిషిని చంపి కొత్తవాణ్ణి పుట్టించడమని మా సెటిల్మెంటు నడిపినవాళ్ళు అనుకున్నారు. ఈ నవల అలా అనుకోదు. మనవాళ్ళలో దండి కూడా అలా అనుకోలేదు. ఆయన కథల్ని పదమూడో శతాబ్దిలో తెలుగు చేసిన కేతన 'దశకుమార చరిత్రము'లో అపహారవర్మ చంపానగరపు పిసినారులకు సంపద నిలకడ లేనిదని నేర్పాలని కన్నాలు వేస్తాడు, దగాపడినవాళ్ళ సొమ్ము వాళ్ళకు చేరుస్తాడు, కోరినంత బంగారం ఇస్తుందని ఒక తోలుసంచి గురించి కథ అల్లి అందరినీ ఆడిస్తాడు. అతను రాజకుమారుడు కాబట్టి ఆ నేర్పును చతురత అన్నారు.

విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహాహూహూ' నాకు ప్రాణం. గుర్రం తల, మనిషి ఒళ్ళు ఉన్న గంధర్వుడొకడు ఒకనాటి పొద్దున లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేరులో పడి ఉంటాడు. పట్టుబట్టలు, నగలు, నోట సంస్కృతం. శాస్త్రవేత్తలు వచ్చి చూస్తారు, ఇది ఏ జాతి జంతువో, అసలిది బతికెలా ఉందో తేల్చుకోలేక తల పట్టుకుంటారు. ప్రపంచంలో ప్రతి జీవికీ ఒక గడి గీసి అందులో కూర్చోబెట్టగలమనుకున్న వాళ్ళ శాస్త్రం ఆ ఒక్క ప్రాణి దగ్గర ఆగిపోతుంది. మమ్మల్ని కొలిచి, లెక్కగట్టి, జాతి పేరుతో గడిలో వేసింది కూడా ఆ దొరలే కదా. వాళ్ళ ఊరి నడిబొడ్డునే వాళ్ళకు అంతుపట్టనివాణ్ణి దింపిన ఆ రచయిత ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మళ్ళీ వెంటనే ఒక సందేహం. విశ్వనాథ గారు గట్టిగా నిలబడ్డ సంప్రదాయంలో మా వాళ్ళకు చోటెక్కడ? ఆయన అరుగు మీద మా తాత కూర్చోగలిగేవాడా? సమాధానం తెలిసీ ఆ నవలను ప్రేమిస్తున్నాను. రచయితకంటే ఆయన గంధర్వుడు విశాలంగా ఉన్నాడు. రాసినవాడి కంచె దాటి పోగల రెక్కలు అలాంటి కథలకు ఉంటాయని నా నమ్మకం.

మా మిత్రుడొకాయన, ఎరుకల హక్కుల కోసం జీవితమంతా తిరిగినవాడు, నా కింది అరను ఒప్పుకోడు. "బావా, నువ్వు చదవాల్సింది మీనా రాధాకృష్ణ రాసిన 'డిజానర్డ్ బై హిస్టరీ'. మన మీద ఏం జరిగిందో కాగితాలు తీసి రాసింది ఆమె. ఈ భూతాల కథలు కాదు" అంటాడు. ఆ పుస్తకం చదివాను, పై అరలో ఉంది, అది లేకపోతే ఉప్పు వ్యాపారం సంగతే నాకు తెలిసేది కాదు. ఆయన చెప్పేది నిజం. జరిగింది చెప్పుకోకుండా నవ్వుతూ కూర్చుంటే ఆ నవ్వు మనల్ని ముంచుతుంది. కానీ జరిగింది మాత్రమే తెలిసినవాడు ఏం చేస్తాడు? ఏం జరగొచ్చో ఊహించే కండరం ఒకటి ఉంటుంది మనసులో, అది వాడకపోతే ఎండిపోతుంది. 1970లలో మా ఊరికి సంఘ సంస్కర్తలు హేమలతా లవణం, లవణం గారు వచ్చి మనుషుల మధ్య కూర్చుని పనిచేశారు. ఆమె జాషువా గారి కూతురు. గుడి తలుపు దగ్గర ఆగిపోయిన మనిషి మొరను గబ్బిలం చేత శివుడికి మోయించిన కవి కూతురు మా వీధుల్లో తిరిగిందంటే, అది కూడా ఆ ఊహ నడిచొచ్చిన దారేననిపిస్తుంది నాకు. మా ఊరి కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చినప్పుడు ఊరంతా బయటికొచ్చింది. అంతకు ముందు రోజు దాకా అది కూడా చందమామ కథే.

నమ్మకమిచ్చే పుస్తకాల్లో నేను ఎక్కువమందికి ఇచ్చింది 'రైలుబడి'. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి 1981లో అచ్చువేసిన తన చిన్ననాటి కథ. పాత రైలుపెట్టెల్లో బడి, పిల్లలు చెప్పేది గంటల తరబడి వినే హెడ్మాస్టరు కొబయాషి గారు. 1945లో బాంబులు పడి ఆ బడి కాలిపోతుంది. మంటలు చూస్తూ ఆయన పక్కనున్న కొడుకును, ఈసారి ఎలాంటి బడి కడదామని అడుగుతాడు. నేను బడిపంతుల్ని, ఆ చోట నా గొంతు పూడుకుపోతుంది. బడి కాలిపోవడాన్ని రచయిత్రి తగ్గించి చెప్పలేదు. యుద్ధాన్ని క్షమించలేదు. మంటల వెలుగు ఆయన మొహం మీద పడుతుండగానే ఆయన నోటి నుంచి ఆ ప్రశ్న వచ్చింది. నాయనమ్మ పొయ్యి సంగతి చెప్పినప్పుడు ఉన్న గొంతు ఇదే.

ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద చుట్టుపక్కల పిల్లలు చేరతారు. చదివి వినిపిస్తాను, ఒక్కోసారి కథ సగంలో ఆపి మిగతాది వాళ్ళను చెప్పమంటాను. మొన్న హాహాహూహూ చెప్పాను. గంధర్వుడు లండన్‌లోనే ఎందుకు పడాలి, మన ఊళ్ళో పడకూడదా అని ఒక పిల్ల అడిగింది. పడనీ, నువ్వే చెప్పు అన్నాను. ఆ పిల్ల ఏడో తరగతి. కాసేపు పావడా అంచు నలుపుకుని మొదలుపెట్టింది. ఆకాశంలో ఒక కుర్ర దొంగ ఉన్నాడు, వాడికి దొంగతనం సరిగా రాదు. స్టూవర్టుపురం వెళ్తే నేర్పుతారని ఎవరో చెప్పారు. వాడు మేఘం మీద నుంచి ప్లాట్‌ఫారం మీదికి దూకాడు. మొదటి ఇంటి తలుపు తట్టాడు, అక్కడ నర్సమ్మ ఉంది. రెండో ఇంట్లో టైలరు. మూడో ఇంట్లో కరెంటు లైన్‌మన్. నాలుగో ఇంట్లో బరువులెత్తే అన్న, వాడి చేతికి బార్ ఇచ్చి ఎత్తమన్నాడు. అయిదో ఇల్లు మా మాస్టారిది, ఆయన కూర్చోబెట్టి పద్యం అప్పజెప్పించాడు. రాత్రి దాకా తిరిగినా ఊళ్ళో దొంగతనం నేర్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. వాడికి ఏడుపొచ్చింది. నడుచుకుంటూ బాపట్ల పోలీసు స్టేషనుకు పోయి, ఊరి పేరు చూసి మోసపోయానని కేసు పెట్టాడు.

పిల్లలు అరుగు మీద పడి దొర్లారు. నేనూ నవ్వాను, ఈసారి చుట్టూ చూడలేదు. ఒక బుడ్డోడు మాత్రం నవ్వు ఆపుకుని, వాడు మళ్ళీ ఆకాశానికి పోవడానికి వీల్లేదన్నాడు, రెక్క విరిగిందట. అయితే ఎక్కడుంటాడని పెద్ద వాదన మొదలైంది. సత్రంలో అన్నారు, చర్చిలో అన్నారు, రాహులన్న ఇంట్లో అన్నారు. చివరికి ఆ ఏడో తరగతి పిల్లే తేల్చేసింది, వాడికి ఏమీ రాదు కాబట్టి ముందు బళ్ళో చేర్పించాలని. తేల్చి, నా వైపు తిరిగి, "మాస్టారూ, ఆరులో వేద్దామా ఏడులో వేద్దామా? ఏడులో అయితే నా పక్క బెంచీ ఖాళీగా ఉంది" అంది.